టైట్రేషన్ ప్రాక్టికల్ ఉందా? ట్యాప్ తిప్పే ముందు ఇవి చూస్కోండి

టైట్రేషన్ అంటే గాఢత తెలిసిన ఒక ద్రావణంతో ఇంకోదాని గాఢత కనుక్కోవడం. ఇక్కడ పిపెట్ అనే కొలత గొట్టంతో గాఢత తెలిసిన యాసిడ్‌ని ఫ్లాస్క్‌లో వేసి, బ్యూరెట్ అనే ట్యాప్ ఉన్న గీతల గొట్టంలోంచి సోడియం హైడ్రాక్సైడ్ (క్షారం) వదులుతాం, దాని గాఢతే మన జవాబు. ప్రాక్టికల్స్ దగ్గరికొచ్చాయంటే చాలు అందరూ ఫార్ములా బట్టీ పట్టే పనిలో పడిపోతారు. ఫార్ములాలో దెబ్బ తినేది ఒకే ఒక్క చోట, అది కింద చెప్తా. మిగతా తప్పులు చాలావరకు బ్యూరెట్ ట్యాప్ తిప్పకముందే జరిగిపోయి ఉంటాయి, ఆ తర్వాత మనం ఎంత నీట్‌గా లెక్క చేసినా పాడైపోయిన నంబరే కదా అందులో వేసేది.

నా సంగతే చెప్తా. మొదటిసారి చేసినప్పుడు శుభ్రత ఎక్కువైపోయి కోనికల్ ఫ్లాస్క్‌ని కూడా యాసిడ్‌తోనే రిన్స్ చేశా, ప్రతిసారీ గోడలకి కొంచెం కొంచెం యాసిడ్ మిగిలిపోయి మూడు రీడింగులు మూడు రకాలుగా వచ్చాయి, నేనేమో కూడికల్లో తప్పుందని అరగంట వెతుక్కుంటూ కూర్చున్నా. అందుకే ముందు ఇది గుర్తుపెట్టుకోండి: బ్యూరెట్‌ని అందులో పోయబోయే ద్రావణంతోనే కడగాలి, పిపెట్‌ని కూడా అంతే, ఫ్లాస్క్‌ని మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో మాత్రమే. ఫ్లాస్క్‌లో నీళ్ళ చుక్కలు మిగిలినా పర్లేదు, ఎందుకంటే అందులో పడ్డ యాసిడ్ మోల్స్ నీళ్ళ వల్ల పెరగవు తరగవు. అదే బ్యూరెట్‌లో నీళ్ళు మిగిలితే సోడియం హైడ్రాక్సైడ్ పల్చబడిపోతుంది, ఎక్కువ మి.లీ. పడుతుంది, జవాబు అసలు కన్నా తక్కువొస్తుంది. పిపెట్‌లో నీళ్ళుంటే దీనికి రివర్స్, యాసిడ్ తక్కువ పడి జవాబు ఎక్కువొస్తుంది. ఏ తప్పు జవాబుని ఎటు లాగుతుందో తెలిస్తే వైవాలో కూడా పనికొస్తుంది, అడిగేది ఎక్కువగా ఇవే.

తర్వాత బ్యూరెట్ కింద నాజిల్ చూడండి. అక్కడ గాలి బుడగ ఉందా, ట్యాప్ ఒక్కసారి ఫుల్‌గా తెరిచి వెళ్ళగొట్టాకే మొదటి రీడింగ్ తీస్కోండి. మధ్యలో ఆ బుడగ బయటికెళ్తే దాని చోట్లోకి దిగిన ద్రావణాన్ని కూడా మనం ఫ్లాస్క్‌లో పడ్డట్టే లెక్కేస్తాం. పైన ఫనెల్ పెట్టి పోశాక దాన్ని తీసెయ్యడం మాత్రం సగం మంది మర్చిపోతారు, టైట్రేషన్ మధ్యలో అందులోంచి చుక్క జారితే రీడింగ్ పోయినట్టే. రీడింగ్ కంటికి సమానమైన ఎత్తులో పెట్టుకుని మెనిస్కస్ (వంపు తిరిగి ఉండే ద్రావణం పైమట్టం) అడుగు భాగం చూసి తీయాలి. పిపెట్ చివర మిగిలే చుక్కని ఊదకండి, దాన్ని వదిలేస్తారనే లెక్కతోనే మామూలు పిపెట్ మీద గీత పెట్టి ఉంటుంది.

సేఫ్టీ గురించి పెద్ద లెక్చర్ ఇవ్వను కానీ ఇవి మాత్రం వినండి. పిపెట్‌ని నోటితో పీల్చొద్దు, రబ్బర్ బల్బ్ వాడండి. గాగుల్స్ పెట్టుకోండి, ముఖ్యంగా క్షారం కంట్లో పడితే యాసిడ్ కన్నా లోతుగా దెబ్బ తీస్తుంది, పడితే వెంటనే ధారగా నీళ్ళతో కనీసం 15 నిమిషాలు కడుగుతూనే ఉండాలి, ఆపై డాక్టర్ దగ్గరికి. చర్మం మీద క్షారం పడిందని యాసిడ్ పోసి న్యూట్రలైజ్ చేద్దామనే తెలివితేటలు అస్సలు వద్దు, ఆ రియాక్షన్‌లో పుట్టే వేడికి ఇంకో గాయం అవుతుంది. బ్యూరెట్ నింపేటప్పుడు దాన్ని స్టాండ్‌లో కిందికి దించుకుని పోయండి, తల పైన చేతులెత్తి పోస్తే చిందింది మొహం మీదే పడుతుంది. ఘాటు యాసిడ్‌ని పల్చన చెయ్యాల్సొస్తే నీళ్ళలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్ళు కాదు.

ఇక ద్రావణాల సంగతి. సోడియం హైడ్రాక్సైడ్ పలుకులు గాల్లో తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చేస్తాయి, కాబట్టి 4 గ్రాములు తూచి లీటర్ చేశాం కాబట్టి అది 0.1 మోలార్ (లీటర్‌కి 0.1 మోల్) అనుకోవడానికి లేదు. అందుకే దాన్ని ఆక్సాలిక్ యాసిడ్ లాంటి దానితో టైట్రేట్ చేసి అసలు ఎంతో తేల్చుకుంటాం. ఆక్సాలిక్ యాసిడ్ తూచేటప్పుడు ఇంకో మెలిక ఉంది: ల్యాబ్‌లో మామూలుగా ఉండేది రెండు నీటి అణువులున్న స్ఫటికం, దాని మోలార్ ద్రవ్యరాశి 126, నీళ్ళు లేనిదానికి 90. 250 మి.లీ. 0.05 మోలార్ ద్రావణానికి 1.575 గ్రాములు కావాలి. లెక్కలో పొరపాటున 90 వేశారంటే అదే ద్రావణం 0.07 మోలార్ అని తేలుతుంది, ఇంత పెద్ద తప్పుని ఏ చుక్కా సరిచెయ్యలేదు.

ఇప్పుడు ఆ ఒక్క చోటు. 20 మి.లీ. 0.05 మోలార్ ఆక్సాలిక్ యాసిడ్‌కి 20.4 మి.లీ. సోడియం హైడ్రాక్సైడ్ పట్టిందనుకోండి. చాలామంది 0.05 ఇంటూ 20 బై 20.4 అని వేసేసి 0.049 రాసి వచ్చేస్తారు. ఆక్సాలిక్ యాసిడ్ ఒక మోల్‌కి సోడియం హైడ్రాక్సైడ్ రెండు మోల్స్ కావాలి కదా! ఫ్లాస్క్‌లో యాసిడ్ 1 మిల్లీమోల్, అంటే క్షారం 2 మిల్లీమోల్స్, 2 బై 20.4 చేస్తే 0.098 మోలార్, దాన్ని 40తో గుణిస్తే లీటర్‌కి 3.92 గ్రాములు. సల్ఫ్యూరిక్ యాసిడ్ ఇచ్చినా ఇదే కథ, హైడ్రోక్లోరిక్ అయితే ఒకటికి ఒకటి. నా సలహా, ఫార్ములా జోలికి పోకుండా ముందు బ్యాలెన్స్ చేసిన సమీకరణం రాసుకోండి, మోల్స్‌లో ఆలోచించండి, రెండుతో గుణించడం మర్చిపోవడం అక్కడితో ఆగుతుంది. నార్మాలిటీ అనే ఇంకో గాఢత కొలతలో చేసేవాళ్ళకి ఈ రెండుతో గుణించడం ఆ కొలతలోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి మళ్ళీ వెయ్యొద్దు.

ఇండికేటర్ (రంగు మారి రియాక్షన్ పూర్తయిందని చూపించేది): ఆక్సాలిక్ బలహీన ఆమ్లం కాబట్టి ఫినాఫ్తలీన్, రెండు చుక్కలు చాలు, అది కూడా ఒక బలహీన ఆమ్లమే, గుమ్మరిస్తే రీడింగ్ కదులుతుంది. మిథైల్ ఆరెంజ్ దీనికి పనికిరాదు, అది పీహెచ్ 4.4 దాటేలోపే రంగు మార్చేస్తుంది, ఎండ్ పాయింట్ (రియాక్షన్ పూర్తయ్యే చోటు) ఇంకా దూరంలో ఉండగానే. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిచిందంటే అయిపోయింది, ఆగండి. కాసేపటికి ఆ రంగు పోయిందని ఇంకో చుక్క వేసేవాళ్ళున్నారు, అది గాల్లో కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల పోతుంది, మీ తప్పు కాదు. ముదురు గులాబీ వచ్చిందంటే మాత్రం దాటిపోయారు, ఆ రీడింగ్ కొట్టేసి మళ్ళీ చెయ్యండి. ఫ్లాస్క్ కింద తెల్ల టైల్ పెట్టుకుంటే ఈ తేడా బాగా కనిపిస్తుంది.

మొదటిసారి గబగబా చేసి ఎక్కడ రంగు మారుతుందో సుమారుగా చూస్కోండి, తర్వాత ఆ పాయింట్‌కి ఒక మి.లీ. ముందు నుంచి చుక్క చుక్కగా వదలండి. రెండు రీడింగులు 0.1 మి.లీ. లోపు కలిసేదాకా చెయ్యాలి, కలవకపోతే మూడిటికీ సగటు తీసి రాసేయడం కన్నా ఇంకోటి చెయ్యడమే మేలు. అయ్యాక బ్యూరెట్‌లో క్షారం వదిలేసి వెళ్ళిపోకండి, గాజు ట్యాప్ పట్టేసిందంటే తర్వాత బ్యాచ్ వాళ్ళు మిమ్మల్నే తిట్టుకుంటారు.