పాత కంప్యూటర్‌కు కొత్త మానిటర్ పెట్టే ముందు

పాలమూరు, నల్గొండ వైపు పెళ్లి పత్రికలు, కరపత్రాలు కొట్టిన డీటీపీ కంప్యూటర్ ఏదైనా మీ అటక మీద ఉంటే, దాన్ని దించే పని మృగశిర కార్తె లోపే చూసుకోండి. తర్వాత ఉరుములు, పిడుగులు, పోయి వచ్చే కరెంటు.

పాత ఫైళ్లు మాత్రమే కావాలంటే హార్డ్ డిస్క్ విప్పి, పాత డిస్క్‌ను యూఎస్‌బీకి కలిపే ఐడీఈ-యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు పెడితే సరిపోతుంది. పేజీలు కూర్చే అదే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, అవే అను తెలుగు ఫాంట్లతో తెరవాలంటేనే ఈ మానిటర్ తంటా. పోయిన డబ్బా మానిటర్‌ను మాత్రం బాగుచేద్దామని విప్పొద్దు. ప్లగ్గు తీసినా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

ముందు కరెంటు సంగతి. సీపీయూ వెనక ఎర్ర స్విచ్ ఉంటే అది 230 మీద ఉందో లేదో చూడండి. 115 మీద ఉండగా ఆన్ చేస్తే ఎస్‌ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై పెట్టె) పేలుతుంది. ఇక ఎర్త్. మన ఎర్రనేలల్లో ఎండాకాలం చివరికి ఎర్త్ గుంత ఎండిపోయి ఉంటుంది, నాలుగు బకెట్ల నీళ్లు పోయించండి. ఎర్త్ సరిగా లేకపోతే క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంది. ఆ లీకేజీయే కేబుల్ గుండా కొత్త మానిటర్‌లోకి వెళ్తుంది. అందుకే రెండింటి ప్లగ్గులూ పీకి, కేబుల్ బిగించి, ఆ తర్వాతే కరెంటు ఇవ్వాలి. వీడియో కేబుల్ నడుస్తుండగా పెట్టడం, తీయడం వద్దు.

వెనక ఉన్న సాకెట్‌ను టార్చి వేసి చూడండి. మూడు వరసల్లో 15 రంధ్రాలుంటే అది 1987లో వచ్చిన వీజీఏ అనే మానిటర్ సాకెట్, పెద్ద ఇబ్బంది లేదు. రెండు వరసల్లో 15 ఉంటే అది జాయ్‌స్టిక్‌ది. వీడియో కార్డుకు 9 రంధ్రాలే ఉంటే ఆగండి. అది వీజీఏకు ముందటి సీజీఏ, ఈజీఏ వీడియో కార్డుల కాలంనాటిది కావచ్చు. అందులోంచి వచ్చేది 5 వోల్టుల డిజిటల్ సిగ్నల్, వీజీఏ మానిటర్ ఎదురుచూసేది 0.7 వోల్టుల అనలాగ్. 9 నుంచి 15కు మార్చే చవక కనెక్టర్ తగిలిస్తే బొమ్మ రాదు సరికదా, మానిటర్‌కే ముప్పు. పైగా సీజీఏ 15.7 కిలోహెర్ట్జ్ (సెకనుకు సుమారు 15,700 గీతలు) దగ్గర నడుస్తుంది, మామూలు ఫ్లాట్ మానిటర్లు 30 దగ్గర మొదలవుతాయి. దానికి వేరే కన్వర్టర్ బాక్స్ కావాలి.

మానిటర్‌కు హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంటే కొనేటప్పుడు జాగ్రత్త. షాపులో తేలిగ్గా దొరికేది హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చేది. మీకు కావాల్సింది దానికి ఉల్టా. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, తిప్పి పెడితే పనిచేయవు. "ఏదైనా ఒకటే సార్" అంటే నమ్మకండి, డబ్బా మీద బాణం గుర్తు చదవండి. దానికి యూఎస్‌బీ పవర్ అడిగితే ఫోన్ చార్జర్ నుంచి ఇవ్వొచ్చు.

పాత మానిటర్‌లో ఇంకా మసకగానైనా బొమ్మ వస్తుంటే, దాన్ని తీసేలోపే విండోస్‌లో 1024×768, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ గీయడం) పెట్టండి. డబ్బా మానిటర్ కోసం పెట్టిన 85 హెర్ట్జ్‌ను చాలా ఎల్‌సీడీలు తీసుకోవు, "అవుట్ ఆఫ్ రేంజ్" అంటాయి. పాతది పూర్తిగా పోయి ఉంటే టెన్షన్ వద్దు, విండోస్ 98 మొదలయ్యేటప్పుడు ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి మార్చుకోవచ్చు. అక్షరాలు సాగినట్టుంటే మానిటర్ మెనూలో 4:3 ఎంచుకోండి, అటూ ఇటూ జరిగితే ఆటో అడ్జస్ట్ నొక్కండి.