మధ్య ఇటలీ కొండ ఊళ్ళు: గైడ్ ఎక్కడ కావాలి, ఎక్కడ అక్కర్లేదు

రోమ్‌లో ఫాస్ట్ ట్రైన్ ఎక్కితే గంటన్నరలో ఫ్లోరెన్స్‌లో దిగిపోవచ్చు, మనవాళ్ళు ఇటలీ వస్తే దాదాపు అందరూ చేసేది అదే, రోమ్ రెండ్రోజులు, ఫ్లోరెన్స్ ఒకరోజు, వెనిస్ ఒకరోజు, మధ్యలో కొండల మీద ఉన్న ఊళ్ళన్నీ కిటికీలోంచి వెనక్కి పోతుంటాయి, మనం కునుకు తీస్తుంటాం. ఇది ఆ ఊళ్ళ గురించి. ఓర్వియేతో, పెరూజా, అస్సీసీ, సియెనా. మొదటి మూడూ ఉంబ్రియా ప్రాంతంలో, చివరిది టస్కనీ ప్రాంతంలో. ఇంకా బోలెడున్నాయి, గుబ్బియో, స్పొలేతో, అరెజ్జో, కొర్తోనా అని లిస్టు రాస్తే అయిపోదు, కానీ వారం సెలవుకి నాలుగు చాలు, నా మాట వినండి.

ముందుగా ప్యాకేజీ సంగతి. ఏడు రోజుల్లో పది ఊళ్ళు అని బస్సు టూర్లు అమ్ముతారు, రేటు చూస్తే బాగానే ఉంటుంది. కానీ ఈ ఊళ్ళు కట్టింది శత్రువులు రాకుండా ఉండాలని, సందులు సన్నం, గోడలు ఎత్తు, టూరిస్టు బస్సు లోపలికి రానే రాదు. కింద పార్కింగ్‌లో దింపుతారు, పైకి ఎక్కేసరికి సగం టైమ్ అయిపోతుంది, చర్చి ముందు ఫొటో, ఒక జెలాతో ఐస్‌క్రీమ్, మళ్ళీ కిందకి. దీనికి బదులు రెండు చోట్ల మాత్రం రూమ్ తీసుకోండి, ఒకటి పెరూజాలో లేదా అస్సీసీలో, రెండోది సియెనాలో. మిగతాదంతా ట్రైన్లు, బస్సులు. గైడ్‌ని పూట లెక్కన, అవసరమైన చోట మాత్రమే మాట్లాడుకోండి.

గైడ్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, మనవాళ్ళు కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. ఇటలీలో టూరిస్ట్ గైడ్ అంటే లైసెన్స్ ఉన్న వృత్తి, పరీక్ష రాసి తెచ్చుకోవాలి. గ్రూపుతో పాటు ప్రయాణం చేసే టూర్ లీడర్ వేరు, ఆయన పని టికెట్లు, హోటళ్ళు, సామాన్లు, ఎవరైనా తప్పిపోతే వెతకడం. చర్చిలో, మ్యూజియంలో నిలబడి వివరించాల్సింది లైసెన్స్ ఉన్న గైడే. కాబట్టి ప్యాకేజీలో "గైడెడ్" అని రాసుంటే ఏ ఊళ్ళో ఎన్ని గంటలు లోకల్ గైడ్ ఉంటారో రాతపూర్వకంగా అడగండి, చాలాసార్లు ఒక ఊళ్ళోనే ఉంటారు, మిగతా ఊళ్ళలో "ఫ్రీ టైమ్" అంటారు. సొంతంగా మాట్లాడుకునేటప్పుడు ఆ ఊరి టూరిస్ట్ ఆఫీసుకి మెయిల్ పెడితే గైడ్ల లిస్టు ఇస్తారు. ప్రైవేట్ గైడ్ రేటు మామూలుగా తలకింత అని ఉండదు, గ్రూపు మొత్తానికి పూటకింత అని ఉంటుంది, అందుకే ఇద్దరు వెళ్తే భారం అనిపిస్తుంది, రెండు కుటుంబాలు కలిస్తే తేలిక.

బుక్ చేసేటప్పుడే ఇంకో ముక్క కూడా చెప్పండి, మీకు బైబిల్ కథలు ఎంతవరకు తెలుసో. ఇక్కడి గైడ్లు యూరప్ వాళ్ళకి చెప్పి చెప్పి అలవాటుపడి, కథ మనకి తెలుసనుకుని నేరుగా రంగులు, శైలి, ఎవరు ఎవరి శిష్యుడు అనే దాంట్లోకి వెళ్ళిపోతారు. మనలో చాలామందికి ఆ బొమ్మలో ఎవరు ఎవరో కూడా తెలియదు. ముందు కథ చెప్పి తర్వాత బొమ్మ చూపించండి అంటే సంతోషంగా చెప్తారు. అదే గుంటూరు వైపు నుంచో సికింద్రాబాద్ నుంచో చర్చి గ్రూపుగా వచ్చేవాళ్ళకి కథలు కంఠతా వచ్చుంటాయి, వాళ్ళకి కావాల్సింది పోపులు, యుద్ధాలు, డబ్బు ఎక్కణ్ణించి వచ్చింది అనే చరిత్ర. ఏది కావాలో మీరే చెప్పాలి.

ఓర్వియేతోతో మొదలుపెట్టండి. రోమ్ టెర్మిని నుంచి రీజనల్ ట్రైన్‌లో గంటా పావు అటూఇటూ. స్టేషన్ కింద, ఊరు పైన, అగ్నిపర్వతపు రాయి మీద బల్ల పరిచినట్టు. స్టేషన్ ఎదురుగానే ఫునికులార్, అంటే కేబుల్‌తో లాగే చిన్న రైలు పెట్టె, నిమిషాల్లో పైన దింపుతుంది. దిగిన పక్కనే సాన్ పాత్రిజియో బావి, అది అయ్యాకే ఊళ్ళోకి వెళ్ళండి, తర్వాత చూద్దాం అంటే మళ్ళీ ఇంత దూరం రారు. 1527లో చక్రవర్తి 5వ చార్లెస్ సైన్యం రోమ్‌ని దోచుకున్నప్పుడు పోప్ క్లెమెంట్ 7 పారిపోయి ఈ ఊళ్ళో తలదాచుకున్నాడు, ముట్టడి వస్తే నీళ్ళెలా అని భయపడి తవ్వించిన బావి ఇది. లోతు 50 మీటర్ల పైనే. గోడ చుట్టూ రెండు మెట్ల దారులు ఒకదాన్నొకటి తాకకుండా తిరుగుతాయి, ఒక్కోదానికి 248 మెట్లు, నీళ్ళకి దిగే కంచర గాడిదలు ఒక దారిలో, కడవలు మోసుకుని ఎక్కేవి ఇంకో దారిలో, ఎదురుపడే పనే లేదు. కిందకి సరదాగానే దిగుతారు, పైకి రావడమే ఉంది చూశారా, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని పైన కాఫీ దగ్గర కూర్చోబెట్టండి.

తర్వాత దువోమో, అంటే ఊరి పెద్ద చర్చి. 1290లో మొదలుపెట్టారు, పక్క గోడలు నల్ల రాయి తెల్ల రాయి వరసలుగా చారలు చారలుగా ఉంటాయి. ఇక్కడ గైడ్ కావాలి. ముఖ్యంగా లోపల కుడివైపు సాన్ బ్రిజియో చాపెల్‌కి, అంటే చర్చి లోపలే ఉన్న చిన్న ప్రార్థన గదికి. 1447లో ఫ్రా ఆంజెలికో అనే చిత్రకారుడు కప్పు మీద కొంచెం వేసి వెళ్ళిపోయాడు, అర్ధ శతాబ్దం అలాగే ఉండిపోయింది, 1499లో లూకా సిన్యొరెల్లి అనే ఇంకో చిత్రకారుడు వచ్చి లోకాంతం మొత్తం గోడల మీద దించాడు. ఒక గోడ మీద చనిపోయినవాళ్ళు నేలలోంచి లేస్తుంటారు, కొందరికి ఇంకా ఎముకలే, కొందరికి కండ పట్టేసింది, ఒకడు రెండు చేతులూ నేల మీద ఊని సగం బయటికొచ్చి ఉంటాడు, బావి గట్టెక్కేవాడిలా. ఇంకో గోడ మీద దొంగ క్రీస్తు ప్రసంగం చేస్తుంటే సైతాను వెనక నుంచి చెవిలో ఊదుతుంటాడు, దగ్గరగా చూస్తే ఆ కనిపించే చెయ్యి ఎవరిదో ఒక పట్టాన తెలియదు, ప్రసంగం చేసేవాడిదా, సైతానుదా అని. ఎడమ మూలన నల్ల బట్టల్లో నిలబడి మనల్నే చూస్తున్నది సిన్యొరెల్లి, పక్కన ఫ్రా ఆంజెలికో. గైడ్ లేకపోతే ఇదంతా "బాగా పాత పెయింటింగ్స్" అయిపోతుంది అంతే.

పెరూజాలో గైడ్ డబ్బులు మిగుల్చుకోండి, ఇది తిరిగే ఊరు. స్టేషన్ నుంచి మినీమెట్రో అని డ్రైవర్ లేని చిన్న పెట్టెలు పైకి తీసుకెళ్తాయి, పిల్లలకి పండగే. అయితే ఒక్కసారైనా రోక్కా పావొలీనా అనే పాత కోట ఎస్కలేటర్ల మీదుగా ఊళ్ళోకి ఎక్కండి. ఎస్కలేటర్ మధ్యలో ఆగితే భూమి లోపల ఒక వీధి ఉంటుంది, ఇళ్ళ గోడలు, గుమ్మాలు, సందు మలుపులు అన్నీ ఉంటాయి, ఆకాశం ఉండదు. 1540లో పోప్ పాల్ 3 ఉప్పు మీద పన్ను పెంచితే ఊరు తిరగబడింది, ఓడిపోయింది, ఆయన ఆ తిరగబడ్డ పెద్ద కుటుంబం ఉండే పేటని పునాదిగా వాడుకుని దాని మీద కోట కట్టించాడు. మూడు శతాబ్దాల తర్వాత ఇటలీ ఒకటయ్యే సమయంలో జనం ఆ కోటని పడగొట్టేశారు, కింద వీధి మాత్రం మిగిలింది. ఉంబ్రియాలో బ్రెడ్ చప్పగా, ఉప్పు లేకుండా ఉంటుంది, అప్పటి ఉప్పు పన్ను మీద కోపంతో మానేశారు అని ఊళ్ళో అందరూ చెప్తారు, చరిత్రకారులు అంత ఈజీగా ఒప్పుకోరు గానీ కథ మాత్రం భలే ఉంది. పైన చౌక్‌లో ఫొంతానా మజ్జోరె, 1270ల నాటి ఫౌంటెన్, దాని కింది వరస చుట్టూ తిరిగితే పన్నెండు నెలలూ ఏ నెలలో రైతు ఏం చేస్తాడో రాతిలో చెక్కి ఉంటుంది. వ్యవసాయం ఇళ్ళ నుంచి వచ్చిన మనవాళ్ళు అక్కడి నుంచి తొందరగా కదలరు. జూలైలో జాజ్ ఫెస్టివల్ ఉంటుంది, ఆ రోజుల్లో రూముల రేట్లు చూసి వెళ్ళండి.

అస్సీసీ. పెరూజా నుంచి ట్రైన్‌లో అరగంట కూడా పట్టదు. స్టేషన్ ఉండేది కింద సాంతా మరియా దెల్లి ఆంజెలి అనే ఊళ్ళో, దిగగానే పైకి బస్సెక్కేయకండి, నడిచే దూరంలో ఒక పెద్ద బసిలికా, అంటే పెద్ద చర్చి ఉంది, దాని మధ్యలో ఒక గది అంత చిన్న రాతి గుడి ఉంటుంది, పోర్జియుంకొలా, ఈ ఊరి సాధువు సెయింట్ ఫ్రాన్సిస్ తన శిష్యులతో మొదలుపెట్టింది ఇక్కడే, 1226లో పోయిందీ ఈ గుడి పక్కనే. అంటే 2026కి 800 ఏళ్ళు, ఆ ఏడాది నుంచి ఆయన పండగ అక్టోబర్ 4 ఇటలీ అంతా జాతీయ సెలవు కూడా అయింది, ఆ తేదీకి అటూఇటూ రూమ్ దొరకడం కష్టం.

పైన కొండ మీదున్న సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికాలో గైడ్ తీసుకోవాల్సింది పై అంతస్తు కోసం. చుట్టూ 28 ఘట్టాల్లో ఫ్రాన్సిస్ జీవితం ఉంటుంది, జొత్తో అనే పేరున్న చిత్రకారుడు వేశాడా వేరేవాళ్ళా అని పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. బట్టల వ్యాపారి కొడుకు, ఊరందరి ముందు ఒంటి మీద బట్టలు విప్పి తండ్రికి ఇచ్చేస్తాడు, బిషప్ గబగబా తన వస్త్రం కప్పుతుంటాడు, తండ్రి ఆ బట్టలు చేతిమీద వేసుకుని ముందుకు దూకబోతుంటే ఒకాయన చెయ్యి పట్టి ఆపుతాడు. ఆ తండ్రి మొహం చూడండి, ఏ ఊరి తండ్రైనా అంతే. 1997 సెప్టెంబర్ 26న భూకంపానికి ఇక్కడి కప్పు కూలి నలుగురు చనిపోయారు, నేల మీద పడ్డ లక్షల ముక్కలు ఏరి అతికించుకుంటూ వచ్చారు, కప్పు వైపు చూస్తే ఖాళీలు ఇప్పటికీ తెలుస్తాయి. కింద ఫ్రాన్సిస్ సమాధి, అక్కడ గైడ్ మాట్లాడనక్కర్లేదు. ఎంట్రీ ఫ్రీ, లోపల ఫొటోలు తియ్యనివ్వరు, భుజాలు మోకాళ్ళు కనిపించకూడదు, చున్నీ ఒకటి బ్యాగులో పడేసుకోండి. 2025లో సెయింట్ అయిన కార్లో అకూతిస్ అనే కుర్రాడి సమాధి కూడా ఈ ఊళ్ళోనే ఇంకో చర్చిలో ఉంది, క్యూ ఉంటుంది. వీలైతే ఒక రాత్రి కొండ మీదే ఉండండి, సాయంత్రం బస్సులు వెళ్ళిపోయాక ఊరు ఊపిరి పీల్చుకుంటుంది.

సియెనాకి పెరూజా నుంచి నేరుగా ట్రైన్ లేదు, తెరొంతోలా, కియూజి దగ్గర మారాలి, టైమింగులు కలవకపోతే చిరాకు. నేరుగా వెళ్ళే బస్సు ఏమైనా ఉందేమో ముందు చూడండి. ఫ్లోరెన్స్ నుంచి వచ్చేవాళ్ళకి మాత్రం ట్రైన్ కంటే బస్సే నయం, ఊరి దగ్గర దింపుతుంది, ట్రైన్ స్టేషన్ కింద ఉంటుంది, ఎదురుగా ఉన్న మాల్‌లోంచి ఎస్కలేటర్లు ఎక్కుతూ పోవాలి.

ఇక్కడ గైడ్‌ని పలాజ్జో పుబ్లికోకి పెట్టుకోండి, అంటే ఆ గవ్వలాంటి చౌక్‌లో ఉన్న మునిసిపల్ ఆఫీసు. ఊరిని తొమ్మిదిమంది పాలించే రోజుల్లో వాళ్ళు కూర్చునే గదిలో 1338, 39ల్లో అంబ్రోజో లొరెంజెత్తి అనే చిత్రకారుడు మంచి పాలన, చెడ్డ పాలన అని గోడలకి వేశాడు. దేవుడి బొమ్మ కాదు, రాజకీయం. న్యాయదేవత తక్కెడ నుంచి తాడు కిందకి వస్తుంది, ఐకమత్యం అనే ఆమె చేతిలోకి, ఆమె ఒళ్ళో వడ్రంగి చిత్రిక, ఎగుడుదిగుళ్ళు చదును చెయ్యడానికి, అక్కడి నుంచి ఆ తాడుని 24 మంది ఊరివాళ్ళు పట్టుకుని వరసగా నడుస్తుంటారు. పక్క గోడ మీద మంచి పాలనలో ఊరు, మేస్త్రీలు ఇల్లు కడుతుంటారు, చెప్పుల కొట్టు, బరువులతో గాడిదలు, వీధిలో డాన్సు. ఎదురు గోడ మీద చెడ్డ పాలన, కొమ్ములున్న నిరంకుశుడు, ఊళ్ళో పని చేస్తున్నది ఆయుధాలు చేసేవాడొక్కడే. పదేళ్ళు తిరక్కుండా 1348లో ప్లేగు వచ్చి ఊరిని ఊడ్చేసింది. దువోమో పక్కన సగంలో ఆగిపోయిన పెద్ద గోడ కనిపిస్తుంది కదా, ఇంకా పెద్ద చర్చి కడదామని మొదలుపెట్టి వదిలేసింది, దాని మీదకి ఎక్కొచ్చు. లొరెంజెత్తి బొమ్మలున్న గదిలో మరమ్మతుల పనులు ఉండొచ్చు, బుక్ చేసేముందు తెరిచుందో లేదో కనుక్కోండి.

పాలియో గుర్రప్పందెం జూలై 2న, ఆగస్టు 16న. ఊళ్ళో 17 పేటలు, పరిగెత్తేవి పది, మూడు రౌండ్లు, నిమిషంన్నరలో ఖతం, రౌతు పడిపోయినా గుర్రం ముందొస్తే గెలిచినట్టే. చౌక్ మధ్యలో నిలబడటం ఫ్రీ కానీ గంటల తరబడి ఎండలో, బాత్రూమ్‌కి బయటికి వెళ్ళడం అయ్యే పని కాదు, పిల్లలతో అస్సలొద్దు. ముందు రోజుల్లో ట్రయల్ పరుగులు ఉంటాయి, అవి చూడండి, సరదా అంతే ఉంటుంది.

ఇక చిల్లర సంగతులు. రీజనల్ ట్రైన్ టికెట్ ముందు కొన్నా అప్పుడు కొన్నా ఒకటే రేటు, పేపర్ టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీద మెషీన్‌లో ముద్ర వేసుకోవాలి, ఫోన్‌లో కొంటే చెక్ ఇన్ నొక్కాలి, లేకపోతే ఫైన్. వెజిటేరియన్లు సూప్ విషయంలో అడగండి, కూరగాయల సూప్ అని రాసున్నా మాంసం నీళ్ళతో చేస్తారు కొన్నిచోట్ల. సియెనాలో పిచి అనే లావు నూడుల్స్ వెల్లుల్లి టొమాటోతో అడిగితే మనవాళ్ళకి బాగా దిగుతుంది, ఇంకా కారం కావాలంటే మిరపకాయల నూనె అడగండి. మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటిల్లు మూసేస్తారు, రాత్రి ఏడున్నర దాకా తెరవరు. ఇంటి నుంచి ఆవకాయ పర్లేదు కానీ నెయ్యి సీసా, చికెన్ పచ్చడి తేకండి, యూరప్ బయట నుంచి పాల పదార్థాలు, మాంసం సామాన్లలో తేకూడదు, ఎయిర్‌పోర్ట్‌లో తీసి పారేస్తారు. హోటల్లో రాత్రికి, మనిషికి ఇంత అని సిటీ టాక్స్ విడిగా కట్టాలి.

కారు అద్దెకి తీసుకుందాం అనుకునేవాళ్ళకి, ఇండియా లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి, ఊరి నడిబొడ్డున జెడ్‌టీఎల్ అని, బయటి కార్లు రాకూడని, కెమెరాలు పెట్టిన ఏరియాలు ఉంటాయి, బోర్డు చూసుకోకుండా దూరితే నెలల తర్వాత ఇంటికి ఫైన్ వస్తుంది, కారు కంపెనీ వాళ్ళ చార్జీ అదనం. కారుని ఊరి గోడ బయటే పార్క్ చెయ్యండి, హోటల్ లోపల ఉంటే సామాను దింపడానికి పర్మిషన్ ఇప్పించమని వాళ్ళకే ముందు రోజు నంబర్ ప్లేట్ పంపండి. కారు లేకుండా వెళ్ళేవాళ్ళు ఊరు మారే రోజు ఆదివారం రాకుండా చూసుకోండి, బస్సులు బాగా తగ్గిపోతాయి.