బోర్డు మీద 100 ఉంటే మీ బండికీ 100 అనేనా?

రోడ్డు పక్కన బోర్డు చూసి మనకీ అంతే అనుకుని తొక్కేసేవాళ్లే ఎక్కువ. అసలు లెక్క వేరు: రోడ్డుకి ఒక స్పీడ్ లిమిట్ ఉంటుంది, మీ బండి రకానికి ఇంకొకటి ఉంటుంది, రెండింట్లో ఏది తక్కువైతే అదే మీకు వర్తిస్తుంది. కారు నడిపే అలవాటుతో ఏ వ్యానో మినీబస్సో తీసినవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

అందుకే అలవాటు లేని బండి తాళాలు చేతికి రాగానే దాని రిజిస్ట్రేషన్ కాగితం తీసి వాహన తరగతి, సీట్ల సంఖ్య, గరిష్ఠ మొత్తం బరువు చూడండి. భారత్‌లో కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ లిమిట్ల ప్రకారం, డ్రైవర్ కాకుండా 8 సీట్ల వరకు ఉన్న ప్రయాణికుల బండికి ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటకు 120 కిలోమీటర్లు, తొమ్మిదో సీటు ఉందంటే 100, సరుకు బండికైతే 80. రాష్ట్రాలు ఇంకా తగ్గించొచ్చు కూడా. బ్రిటన్‌లో ఊళ్ల బయట డివైడర్ లేని రోడ్డు మీద కారుకి 60 మైళ్లు అయితే, మామూలు డెలివరీ వ్యాన్‌కి 50. చాలామంది పొరబడేది ఒకటుంది, ఇక్కడ చూసేది ఆ పూట ఎంత లోడు వేశారన్నది కాదు, ఆ బండికి అనుమతించిన గరిష్ఠ బరువు, అంటే వ్యాన్ ఖాళీగా వెళ్తున్నా 50 దాటకూడదు.

బోర్డుల సంగతి. ఎర్ర అంచు గుండ్రం లోపలి అంకె గరిష్ఠం. చాలా దేశాల్లో నీలం గుండ్రంలో తెల్ల అంకె ఉంటే అది కనీస వేగం, ఈ రెండూ కలిపేసుకోకండి. కింద చిన్న పలక మీద లారీ బొమ్మో, టైమో ఉంటే ఆ లిమిట్ వాటికే. లిమిట్ అయిపోయిందని చెప్పే బోర్డు దాటితే మీ ఇష్టమని కాదు, ఆ రోడ్డుకి, మీ బండికి ఉన్న మామూలు లిమిట్ మళ్లీ మొదలైనట్టు. వాన పడితే అంకె మారే చోట్లూ ఉన్నాయి, ఫ్రాన్స్ మోటార్‌వేల మీద 130 కాస్తా 110 అవుతుంది.

ఫోన్‌లో మ్యాప్ చూపించే అంకెని నమ్ముకోవద్దు, మీరు నడిపేది కారో లారీయో దానికి తెలియకపోవచ్చు. లారీలకి ఎందుకు తగ్గిస్తారని విసుక్కునేవాళ్లు ఇది గమనించాలి: వేగం రెట్టింపైతే బ్రేక్ నొక్కాక బండి ఆగే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది, పైగా నిండు లారీ గుద్దితే ఎదుటి బండిలోవాళ్లకి బతికే అవకాశం చాలా తక్కువ.

స్పీడోమీటర్ సాధారణంగా అసలు వేగం కన్నా కాస్త ఎక్కువే చూపిస్తుంది, అలాగే తయారు చేస్తారు. కానీ కంపెనీ ఇచ్చినవి తీసి పెద్ద సైజు టైర్లు వేయించారా, అప్పుడు ముల్లు 80 దగ్గరున్నా బండి అంతకు మించి వెళ్తుండొచ్చు, ఒకసారి జీపీఎస్ వేగంతో సరిచూసుకోండి.