రౌటర్‌తో రోలు విడదీసేటప్పుడు డిఫాల్ట్ గ్రూప్‌ని ఖాళీగా వదలకండి

ఇన్ఫర్మాటికా పవర్‌సెంటర్‌లో (డేటాను ఒకచోటి నుంచి తీసి, మార్చి, ఇంకోచోట నింపే టూల్ ఇది) ఒకే టేబుల్ నుంచి వచ్చే రోలను, అంటే రికార్డులను, రెండు మూడు దారుల్లోకి పంపాలంటే చాలామంది దారికో ఫిల్టర్ పెట్టేస్తారు. పని అయితే అవుతుంది, కానీ ప్రతి ఫిల్టరూ మొత్తం డేటాను మళ్లీ చూస్తుంది, పైగా ఏ షరతుకూ అందని రో ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. అలాంటి చోట షరతులను బట్టి రోలను గ్రూపులుగా విడదీసే రౌటర్ వాడండి, డేటా ఒక్కసారే లోపలికి వస్తుంది, షరతులన్నీ అక్కడే తేలిపోతాయి.

ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు లెక్కతోనే చెప్తాను. ఇక్కడి హోల్‌సేల్ షాపు కాశీనగర్‌కో గుణుపూర్‌కో సరుకు పంపితే అది మా రాష్ట్రంలోనే కాబట్టి కేంద్రం, రాష్ట్రం పంచుకునే జీఎస్‌టీ భాగాలు సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ పడతాయి, పక్కనే ఉన్న పాతపట్నానికి పంపితే మాత్రం అది ఆంధ్ర కాబట్టి రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే ఐజీఎస్‌టీ. బిల్లు మీద సరుకు ఏ రాష్ట్రానికో చెప్పే ప్లేస్ ఆఫ్ సప్లై కోడ్ ఉంటుంది: ఒడిశాకి 21, ఆంధ్రాకి 37. ఆ కోడ్‌తోనే విడదీయండి, ఊరి పేరుతో వద్దు, ఊరి పేరు ఒక్కొక్కరు ఒక్కోలా టైప్ చేస్తారు.

మ్యాపింగ్ డిజైనర్‌లో రౌటర్ క్రియేట్ చేసి, కావాల్సిన పోర్టులను (అంటే కాలమ్‌లను) అందులోకి లాగండి. దాన్ని డబుల్ క్లిక్ చేసి గ్రూప్స్ ట్యాబ్‌లో ఒక కొత్త గ్రూప్ యాడ్ చేసి ‘ఒడిశా’ అని పేరు పెట్టండి, షరతు: కోడ్ = '21'. రెండోది ‘బయటి రాష్ట్రం’, షరతు: కోడ్ 21 కాకపోవడం. మొదటి గ్రూప్ యాడ్ చేయగానే, ఏ షరతుకూ అందని రోలు పడే డిఫాల్ట్ గ్రూప్ దానంతట అదే వస్తుంది, దానికి మీరు షరతు రాయలేరు. అవుట్‌పుట్ పోర్టుల పేర్ల చివర 1, 2 అని నంబర్లు కనిపిస్తే కంగారు పడకండి, ఏది ఏ గ్రూప్‌దో తెలియడానికి టూలే వాటిని పెడుతుంది. కోడ్ పోర్టును స్ట్రింగ్‌గానే ఉంచండి, నంబర్‌గా మార్చారంటే ఢిల్లీ 07 కాస్తా 7 అయి కూర్చుంటుంది.

అసలు చిక్కు ఖాళీ కోడ్‌లతో వస్తుంది. కోడ్ నల్ (అసలు విలువే లేకపోవడం) అయితే '21'తో పోల్చినప్పుడు మామూలుగా ఫలితం కూడా నల్లే, రౌటర్ దాన్ని షరతు నిజం కానట్టే లెక్కేస్తుంది, కాబట్టి ఆ రో రెండు గ్రూపుల్లోకీ పోకుండా డిఫాల్ట్‌లో పడుతుంది, మనకు కావాల్సిందీ అదే. కానీ అక్కడ నల్ బదులు రెండు స్పేస్‌లు ఉన్నాయనుకోండి, స్పేస్‌లు 21 కావు కదా, షరతు నిజమైపోయి ఆ బిల్లు చక్కగా బయటి రాష్ట్రంలోకి వెళ్లి ఐజీఎస్‌టీ లెక్కలో చేరిపోతుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. అందుకే రౌటర్‌కి ముందు ఒక ఎక్స్‌ప్రెషన్ (విలువను మార్చే మెట్టు) పెట్టి, రెండు వైపులా స్పేస్‌లు ట్రిమ్ చేసి, పొడవు సున్నా అయితే నల్ ఇవ్వండి. నన్నడిగితే ‘కాదు’ షరతే వద్దు, మీరు నిజంగా సరుకు పంపే రాష్ట్రాల కోడ్‌లే పేరుపేరునా రాయండి. రాష్ట్రం విడిపోక ముందటి ఆంధ్ర కోడ్ 28 పాత మాస్టర్‌లో ఎక్కడైనా మిగిలి ఉంటే అది కూడా అప్పుడు డిఫాల్ట్‌లో దొరుకుతుంది.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు: ఒకే రోకి రెండు షరతులు నిజమైతే రౌటర్ దాన్ని రెండు గ్రూపుల్లోకీ పంపుతుంది. మైక్రోసాఫ్ట్ వారి ఇలాంటి టూల్ ఎస్ఎస్ఐఎస్‌లోని కండిషనల్ స్ప్లిట్ అలా కాదు, వరుసలో మొదట నిజమైన షరతు దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. ‘పెద్ద బిల్లులు’ అని లక్ష దాటినవాటికి మూడో గ్రూప్ పెట్టారనుకోండి, పాతపట్నం వెళ్లిన లక్షన్నర బిల్లు రెండు చోట్లా వస్తుంది. రెండూ వేర్వేరు రిపోర్టులైతే మంచిదే, ఒకే టేబుల్‌లోకి వెళ్తే మాత్రం ఆ షాపు పన్ను రెట్టింపు కనిపిస్తుంది. రెండు గ్రూపులను నేరుగా ఒకే టార్గెట్‌కి (డేటా చేరే టేబుల్‌కి) టూల్ కలపనివ్వదు గానీ మధ్యలో, రెండు దారులను ఒకటి చేసే యూనియన్ పెట్టి కలిపేవాళ్లు ఉంటారు, అక్కడ జాగ్రత్త.

డిఫాల్ట్‌ని దేనికీ కలపకపోతే అందులో పడ్డ రోలు అక్కడే పోతాయి, సెషన్ (ఆ లోడ్ రన్) సక్సీడెడ్ అనే చూపిస్తుంది, తిరస్కరించిన రోలు రాసే రిజెక్ట్ ఫైల్‌లో కూడా వాటి జాడ ఉండదు. అవి ఎవరో నిజంగా కొన్న సరుకు బిల్లులు, దయచేసి అలా వదిలేయకండి. ఒక చిన్న హోల్డ్ టేబుల్ చేసి డిఫాల్ట్‌ని దానికి కలపండి, బిల్లు నంబర్, కోడ్, లోడ్ తేదీ ఉంటే చాలు. రన్ అయ్యాక వర్క్‌ఫ్లో మానిటర్‌లో సోర్స్ రోల సంఖ్యను టార్గెట్లన్నిటి మొత్తంతో, హోల్డ్ టేబుల్‌తో సహా, పోల్చండి. మొత్తం ఎక్కువ వస్తే షరతులు ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు, తక్కువ వస్తే ఏదో గ్రూప్ కలపడం మర్చిపోయినట్టు. హోల్డ్‌లో పడ్డవాటిని షాపువాళ్లకి పంపి కోడ్ సరి చేయించి, మర్నాటి లోడ్‌లో మళ్లీ ఎక్కించండి.