ఈమాక్స్ నిజంగ టార్‌లకెళ్లే పోతున్నదా, జర చూస్కోండ్రి

హన్మకొండల మా రూం వైఫై పది మందిది, అందుకే ఈమాక్స్‌ని (నెట్ సుత చూసే టెక్స్ట్ ఎడిటర్) టార్ (మన ఐపీ, అంటే నెట్‌ల మన అడ్రస్, దాచే నెట్‌వర్క్) మీంచి నడిపిస్త. ముందుగాల ఈమాక్స్ నెట్‌కి పోయే దారి చెప్పే యూఆర్ఎల్ గేట్‌వే సెట్టింగ్‌కి సాక్స్ (ప్రాక్సీ పద్ధతి) పెట్టి, మన కంప్యూటర్ల టార్ ఉండే 127.0.0.1, పోర్ట్ 9050 ఇచ్చి అయిపోయిందనుకున్న, తీరా చూస్తే హెచ్‌టీటీపీ ఒక్కటే టార్‌లకెళ్లి పోతున్నది, హెచ్‌టీటీపీఎస్ సీదా బయటికే, ఎన్‌క్రిప్ట్ అయినా మన ఐపీ అవతలోనికి కనిపిస్తనే ఉంటది కదా. ఇగ గా లొల్లి వద్దని టర్మినల్‌ల టార్‌సాక్స్ (ప్రోగ్రాం నెట్‌ని టార్‌లకెళ్లి పంపే టూల్) అని కొట్టి పక్కనే ఈమాక్స్ అని కొడుతున్న, డీఎన్ఎస్ (సైట్ పేరుకి ఐపీ అడిగేది) సుత టార్‌లకెళ్లే పోతది. ఈమాక్స్ డీమన్ (వెనకాల నడుస్తనే ఉండే ఈమాక్స్) ముందే నడుస్తుంటే మాత్రం, దానికి తగులుకునే క్లయింట్‌కి టార్‌సాక్స్ తగిలిస్తే ఫాయిదా లేదు, నెట్‌కి పోయేది డీమనే, దాన్ని బంద్ చేసి టార్‌సాక్స్‌తోనే మళ్ల లేపాలె. ఉత్త టార్ బ్రౌజరే ఉన్నోళ్లు టార్‌సాక్స్‌కి పోర్ట్ 9150 అని చెప్పాలె. ఈమాక్స్ లోపలి బ్రౌజర్ ఈడబ్ల్యూడబ్ల్యూల చెక్ డాట్ టార్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్ తెరిస్తే తెలుస్తది.