చంటిబిడ్డని నేల మీదకి దించండి

మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. పదహారేళ్లుగా అంగన్‌వాడీ టీచర్‌గా చేస్తున్నాను. చంటిపిల్లలున్న ఇంటికి వెళ్తే ముందు నా కళ్లు వెతికేది ఒక్కటే, ఆ బిడ్డకి నేల మీద చోటుందా అని. మా దగ్గర తల్లులు చాలామంది జీడిపప్పు పనికి పోతారు. బిడ్డ కాసేపు చీర ఉయ్యాల్లో, కాసేపు నాయనమ్మ ఒళ్లో, కాస్త ఎదిగాక వాకర్‌లో ఉంటుంది. అన్నిచోట్లా ప్రేమకి లోటు లేదు. కానీ మెడ నిలవాలన్నా నడుం నిలవాలన్నా బిడ్డ తన ఒంటితో గట్టి నేలని తొయ్యాలి. మెత్తటి ఉయ్యాల్లో తోసేందుకు ఏముంటుంది?

మొదటి రెండు నెలలూ మీ ముఖమే బొమ్మ. పుట్టిన బిడ్డకి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే బాగా ఆనుతుంది, అంటే పాలు తాగుతూ అమ్మ ముఖం చూసేంత దూరం. అంత దగ్గరగా వంగి మాట్లాడుతూ మెల్లగా పక్కకి జరగండి, రానురాను కళ్లు మీ వెంట వస్తాయి. గిన్నె కింద పడితే ఉలిక్కిపడి చేతులు బార్లా చాపడం మామూలే. ఎంత చప్పుడైనా ఉలుకు లేకపోతే మాత్రం వినికిడి పరీక్ష చేయించాలి.

కాళ్ల మీద వేసుకుని నూనె రాసి నీళ్లు పోసే మన అలవాటు మంచిదే. అరచేతి ఒత్తిడి, వెచ్చదనం, వాసన, పాట అన్నీ ఒకేసారి బిడ్డకి అందుతాయి. ముక్కులో, చెవిలో మాత్రం నూనె చుక్క పడకూడదు. తల గుండ్రంగా రావాలని నొక్కొద్దు. సాంబ్రాణి పొగ మానేయండి, ఆ చిన్న ఊపిరితిత్తులకి అది మంచిది కాదు.

ఇక బోర్లా వేయడం. పాత చీరల బొంత మడతపెట్టి చాప మీద పరవండి. పాలు తాగిన వెంటనే వద్దు, ఒక అరగంట ఆగండి. మొదట్లో ఒకటి రెండు నిమిషాలు చాలు. మెలకువగా ఉన్నప్పుడు కొద్దికొద్దిగా రోజు మొత్తానికి కనీసం 30 నిమిషాలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఎదురుగా స్టీలు పళ్లెం గోడకి ఆనించి చూడండి. బిడ్డ తల లేపుతుంది, మెడ వణుకుతుంది, పళ్లెంలో మెరుపుని ఒక్క క్షణం చూసి మళ్లీ బుగ్గ బొంతకి ఆనిస్తుంది. చొంగ పడి బొంత తడుస్తుంది. మళ్లీ లేపుతుంది. ఆ లేపడమే దాని కసరత్తు. ఏడిస్తే ఎత్తుకోండి, సాయంత్రం మళ్లీ వేయొచ్చు. నిద్రపోతే మాత్రం వెల్లకిలా తిప్పాలి.

"ఏటి టీచరమ్మా, ఒళ్లో ఉండాల్సిన గుంటని నేల మీదేసినారేటి?" అని పెద్దవాళ్లు అడుగుతారు. నేను జవాబు చెప్పకుండా బిడ్డ పక్కనే నేనూ బోర్లా పడుకుంటాను. నా ముఖం కోసం బిడ్డ తల ఎత్తుతుంది. ఆ నాయనమ్మే మర్నాడు బొంత పరుస్తుంది.

బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు అని మన పెద్దవాళ్లు వరస కట్టారు. వరస సరైనదే. నెలలే అందరికీ ఒకటి కావు. ఆసరా లేకుండా కూర్చోవడం 4 నుంచి 9 నెలల మధ్య, సొంతంగా నడవడం 8 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి 5 దేశాల పిల్లల్ని గమనిస్తే, వందకి నలుగురు చేతులూ మోకాళ్ల మీద పాకనేలేదు. అందుకే పక్కింటి పిల్లతో పోల్చి టెన్షన్ పడకండి. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డకైతే వయసులోంచి ఆ రెండు నెలలూ తీసేసి చూడాలి.

ఆగకూడని చోట మాత్రం ఆగొద్దు. ఒకింట్లో ఏడో నెల పాప ఉండేది. గిలక్కాయ ఎడమ పక్కనుంచి ఇచ్చినా కుడి చెయ్యి ఒంటిని దాటి వచ్చి అందుకునేది. "కుడిచేతి వాటం టీచరమ్మా" అని నాయనమ్మ మురిసిపోయింది. నేను ఎడమ పిడికిలి విప్పాను. బొటనవేలు లోపలికి ముడుచుకుని ఉంది, అరచేతి గీతల్లో నూలుపోగులు ఇరుక్కుని ఉన్నాయి. ఆ చెయ్యి సరిగ్గా తెరుచుకోవడమే లేదని అప్పుడు అర్థమైంది. ఏడాది లోపు బిడ్డకి చేతివాటం ఉండకూడదు. జిల్లా ఆసుపత్రికి పంపాం, ఫిజియోథెరపీ మొదలైంది. కుడి చేతిని ఒళ్లో మెల్లగా పట్టుకుని ఎడమ చేతికి బొమ్మ అందించడం అక్కడ నేర్పితే ఆ తల్లి రోజూ చేసింది. ఇప్పుడు ఆ పిల్ల బడికి వెళ్తోంది. గుండీలు పెట్టుకోవడం కాస్త ఆలస్యం, కానీ తనే పెట్టుకుంటుంది.

నాలుగు నెలలకీ మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకీ కూర్చోకపోయినా, ఒళ్లు కర్రలా బిగిసినా, గుడ్డలా వాలిపోయినా, అంతకుముందు నేర్చుకున్నది మర్చిపోయినా వెంటనే ఆశా కార్యకర్తకో మాకో చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ పరీక్షలూ వైద్యమూ ఉచితం.

వాకర్ కొనొద్దు. దాంట్లో బిడ్డ మునివేళ్లతో తోస్తుంది, తూకం నేర్చుకోదు, మెట్ల మీదనుంచి దొర్లుతుంది. కెనడా 2004లోనే దాని అమ్మకం నిషేధించింది.

బిడ్డ పాకే ముందు ఆ నేల మీద మీరు కూడా ఒకసారి పాకి చూడండి. మా ఊళ్లో అయితే జీడిపిక్కల తొక్కలు అసలు ఉండకూడదు, ఆ రసం చర్మాన్ని కాల్చేస్తుంది. పప్పు బద్ద గొంతుకి అడ్డం పడుతుంది. చింతగింజలు, చిల్లర డబ్బులు ఏరేయండి. తర్వాత గడప చూడండి. పాత ఇళ్ల గడపలు ఎత్తు. అవతల పక్క బొంత మడిచి వేసి, మీరు అటువైపు కూర్చుని పిలవండి. మధ్యలో ఇరుక్కుంటే గబుక్కున లాగేయొద్దు. ఒక మోకాలు ఎలా ఎత్తాలో బిడ్డే ఆలోచిస్తుంది, ఆ కాసేపు ఓపిక పట్టండి. మినప్పప్పు ముందే నానబెట్టుకోవచ్చు.