కాలికి మాత్రమే కీమో: లీకు మీద కన్నుంచండి

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కాలు అంతటా కురుపుల్లా పాకి, కోసి తీయలేని దశకు వస్తే, కాలు తీసేయకుండా చేసే వైద్యం ఐసొలేటెడ్ లింబ్ పెర్ఫ్యూజన్. 1957లో న్యూ ఓర్లీన్స్‌లో క్రీచ్, క్రెమెంట్జ్ దీన్ని మొదలుపెట్టారు. ఒళ్ళంతా ఎక్కిస్తే తట్టుకోలేనంత గాఢంగా మందును కాల్లోనే తిప్పుతారు.

ముందురోజే కాలిని నీళ్ళ తొట్టిలో ముంచి, పొర్లిన నీటిని కొలవండి. మెల్ఫలాన్ అనే కీమో మందు కాలికి లీటరుకు 10 మి.గ్రా., చేతికి 13. తొమ్మిది లీటర్ల కాలికి 90 అన్నమాట. లావుపాటి మనిషికి ఎత్తుకు తగిన బరువు లెక్కన తగ్గించాలి, లేదంటే కండరాలు దెబ్బతింటాయి.

రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చాక కాలి ధమని, సిర రెంటిలోనూ గొట్టాలు వేసి పంపు, ఆక్సిజన్ కలిపే ఆక్సిజనేటర్, రక్తాన్ని వేడిచేసే హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు కలపండి. పక్క సిరలను ఒక్కటీ వదలకుండా ముడివేయండి. తొడ మొదట్లో టూర్నికే (బిగించే పట్టీ) జారకుండా తుంటి ఎముకకు పిన్ను గుచ్చి ఆనించండి.

అసలు కష్టం ఇక్కడే: కాల్లోని మందు ఒంట్లోకి లీకవుతోందేమో చూడటం. ముందు రేడియో ట్రేసర్ కొద్దిగా ఒంట్లోకి ఇచ్చి, గుండెపై పెట్టిన ప్రోబ్‌లో కౌంటు రాసుకోండి. తర్వాత దానికి పదింతలు కాలి సర్క్యూట్‌లో వేయండి. గుండె మీది కౌంటు రెట్టింపయితే 10 శాతం లీకయినట్టే, ఆపేయాలి. అంతదాకా రాకముందే రిజర్వాయర్ (సర్క్యూట్‌లోని రక్తపు తొట్టి) చెబుతుంది: మట్టం దిగుతుంటే కాలి రక్తం ఒంట్లోకి పోతోంది, పెరుగుతుంటే ఒంటి రక్తం కాల్లోకొస్తోంది. దిగుతుంటే పంపు వేగం తగ్గించి, టూర్నికే బిగించి, వదిలేసిన సిర ఉందేమో వెతకండి.

చర్మం కింది సూదుల్లో వేడి 38 డిగ్రీలు దాటి, లీకు లేదని తేలాకే మెల్ఫలాన్ కలపమనండి. ముందే కలిపి పెట్టకండి, ఈ మందు నీళ్ళలో త్వరగా విరిగిపోతుంది. గంట, గంటన్నర తిప్పాలి. 40 దాటనివ్వకండి.

తర్వాత కాల్లోంచి వచ్చే నీరు తేటపడేదాకా లీటర్లకొద్దీ సెలైన్‌తో కడిగి, గొట్టాలు తీసి, రక్తనాళాలు కుట్టి, హెపారిన్‌కు విరుగుడుగా ప్రోటమిన్ ఇవ్వండి.

కాలు ఎర్రబడి ఉబ్బడం మామూలే. పిక్క రాయిలా గట్టిపడి, బొటనవేలు వంచితే రోగి కేక పెట్టి, సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) ఒక్కసారి ఎగబాకిందంటే తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఫాసియోటమీ (కండరాల పైపొర కోసి లోపలి ఒత్తిడి తగ్గించడం) చేయాలి.